నిరసన తెలిపితే ఉద్యోగం రాదా?

2022 జూన్ 17. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్. అగ్నిపథ్ పథకాన్ని వ్యతిరేకిస్తూ వందల మంది కుర్రాళ్లు ప్లాట్‌ఫాంల మీదకు వచ్చారు. ఫిజికల్, మెడికల్ పరీక్షలు పాసై, ఆర్మీ రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్లు అందులో చాలామంది. బోగీలు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. రెండు రోజుల తర్వాత ఢిల్లీలో సైనిక ఉన్నతాధికారులు విలేకరుల సమావేశం పెట్టి ఒక షరతు చెప్పారు. అగ్నివీర్‌గా చేరాలనుకునేవాళ్లు తాము నిరసనల్లో గానీ, విధ్వంసంలో గానీ పాల్గొనలేదని రాసివ్వాలి. పోలీసు వెరిఫికేషన్ లేకుండా ఎవరినీ తీసుకోరు.

ఆ షరతును ఇంకోసారి చదవండి. 'నిరసన', 'విధ్వంసం'... రెండూ ఒకే వాక్యంలో, ఒకే గాటన. రైలు పెట్టెకు నిప్పు పెట్టడం నేరం, అందులో రెండో మాట లేదు. మరి స్టేషన్ బయట ప్లకార్డు పట్టుకుని నిలబడ్డవాడి సంగతేంటి? వాడు కూడా అదే కాగితం మీద సంతకం పెట్టలేడు కదా!

నా దృష్టిలో ఈ రెండింటినీ కలిపేయడమే అసలు సమస్య. నిరసనకు మన చట్టం ఇచ్చే రక్షణ మనం అనుకునేదానికంటే పెద్దది. కాకపోతే అది మన చేతికి అందేసరికి ఏళ్లు గడిచిపోతాయి. ఆ మధ్య కాలంలోనే ఉద్యోగాలు పోతున్నాయి. కాబట్టి ఉద్యోగం వెతుక్కునే మనకు ఈ విషయం పాలిటీ సిలబస్‌లో ఒక చాప్టర్ మాత్రమే కాదు.

నేను ఇంజినీరింగ్ చదివి, టెక్నాలజీ మీద బ్లాగు రాసుకునేవాణ్ని. లాయర్ని కాదు. అయినా జూనియర్ల నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న కోడింగ్ గురించి కాదు. 'అన్నా, ఈ పోస్టు పెడితే ప్లేస్‌మెంట్‌కి ఏమైనా ఇబ్బందా?', 'ధర్నాకి వెళ్లాను, పేరు రాసుకున్నారు, వెరిఫికేషన్‌లో వస్తుందా?' ఇంట్లో పెద్దవాళ్లు దీనికి ఒకటే సమాధానం చెబుతారు: నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని. నిజమే. అయితే అడగనిదే అమ్మైనా పెట్టదని చెప్పిందీ ఆ పెద్దవాళ్లే. నోటిఫికేషన్ల కోసం, వాయిదా పడ్డ పరీక్షల కోసం, పేపర్ లీకుల మీద రోడ్డెక్కిన ఏ నిరుద్యోగికైనా ఈ రెండో సామెత బాగా తెలుసు.

మాటంటే నోటితో చెప్పేదేనా?

రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం వాక్ స్వాతంత్య్రంతో పాటు భావప్రకటన స్వేచ్ఛను కూడా ఇచ్చింది. భావం ప్రకటించడానికి నోరే అక్కర్లేదు. ఈ సంగతి మన ఊళ్లవాళ్లకు కోర్టులు చెప్పక ముందే తెలుసు. నడిరోడ్డు మీద వంటావార్పు, నల్ల బ్యాడ్జీలు, చెవిలో పూలు, మోకాళ్ల మీద నడక, దిష్టిబొమ్మ దహనం, అధికారి దొరక్కపోతే గాడిదకు వినతిపత్రం! ఒక్క ముక్క మాట్లాడకుండానే ఇవన్నీ చెప్పాల్సింది చెప్పేస్తాయి. చూసేవాడికి ఒళ్లు మండేలా కూడా చెబుతాయి. వాటి బలమే అది.

కోర్టులు కూడా దీన్ని ఒప్పుకున్నాయి. 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసు చూడండి. ప్రభుత్వోద్యోగులు ఏ రకమైన ప్రదర్శనలోనూ పాల్గొనకూడదని బిహార్ ఒక నిబంధన పెట్టింది. ప్రదర్శన కూడా భావప్రకటనలో ఒక రూపమే, కాబట్టి అన్నింటినీ గుండుగుత్తగా నిషేధించడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. సమ్మె చేయడం మాత్రం ప్రాథమిక హక్కు కాదని అదే తీర్పులో తేల్చింది. గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఈ తేడాను పరీక్ష కోసమే కాదు, ఉద్యోగం వచ్చాక కూడా గుర్తుపెట్టుకోవాలి.

1985లో కేరళలో ముగ్గురు పిల్లలను బడి నుంచి పంపేశారు. జాతీయ గీతం పాడుతున్నప్పుడు వాళ్లు మర్యాదగా లేచి నిలబడ్డారు, పాడలేదంతే. పాడటం తమ మత విశ్వాసానికి విరుద్ధమని నమ్మే యెహోవా సాక్షుల కుటుంబం వాళ్లది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి. పాడాలని చట్టంలో ఎక్కడా లేదు, నిలబడటంతో గౌరవం ఇచ్చినట్టే, మౌనాన్ని నేరంగా చూడలేమన్నది దాని సారాంశం. 2004లో నవీన్ జిందాల్ కేసులో జాతీయ జెండాను గౌరవంగా ఎగరేయడం కూడా పౌరుడి భావప్రకటనే అని కోర్టు గుర్తించింది. అంటే జెండా ఎత్తడమూ భావప్రకటనే, మౌనంగా ఉండిపోవడమూ భావప్రకటనే.

నచ్చని మాటకే అసలు పరీక్ష

అందరికీ నచ్చే మాటకు చట్టం రక్షణ ఎందుకు? 'మా కాలేజీ సూపర్' అని స్టేటస్ పెడితే ఎవరూ కేసు పెట్టరు. వినగానే చిరాకు, కోపం, అసహ్యం కలిగించే మాట దగ్గరే హక్కు ఉందో లేదో తేలేది.

1984 అక్టోబరు 31. ఇందిరా గాంధీ హత్య జరిగిన రోజు. చండీగఢ్‌లో ఒక సినిమా హాలు బయట ఇద్దరు ఉద్యోగులు ఖలిస్థాన్ అనుకూల నినాదాలు చేశారు. దేశమంతా ఉడికిపోతున్న వేళ అంతకంటే రెచ్చగొట్టే మాట ఉంటుందా? కింది కోర్టు శిక్ష వేసింది. 1995లో సుప్రీంకోర్టు వాళ్లను నిర్దోషులుగా వదిలేసింది. ఎవరూ స్పందించని, ఏ గొడవకూ దారితీయని ఒకటి రెండు నినాదాలతో రాజద్రోహం కాదంది. ఆ నినాదం సరైనదని కోర్టు అనలేదు, అది గమనించండి. నేరం కాదని మాత్రమే అంది. తప్పు మాటకూ నేరానికీ మధ్య ఉన్న ఈ ఖాళీలోనే మన స్వేచ్ఛంతా ఉంది.

మన తరానికి దగ్గరి ఉదాహరణ ఇంకోటి. 2022లో మహారాష్ట్రలోని కొల్హాపూర్‌లో ఒక కాలేజీ ప్రొఫెసర్ వాట్సాప్ స్టేటస్ పెట్టారు. 370వ అధికరణం రద్దయిన ఆగస్టు 5ను జమ్మూకశ్మీర్‌కు బ్లాక్ డే అన్నారు. ఆగస్టు 14న పాకిస్థాన్‌కు స్వాతంత్య్ర దినోత్సవ శుభాకాంక్షలు చెప్పారు. కేసు పడింది. దాన్ని కొట్టేయడానికి హైకోర్టు ఒప్పుకోలేదు. 2024 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రభుత్వ నిర్ణయాన్ని విమర్శించే హక్కు ప్రతి పౌరుడికీ ఉందని, ఇలాంటి మాటను బలహీన మనస్కుల కొలమానంతో కాక నిబ్బరం ఉన్న మామూలు మనిషి కొలమానంతో చూడాలని చెప్పింది.

'అలాంటి వాళ్లకు కూడా రక్షణా?' అని మీకు అనిపించవచ్చు. నాకూ ఆ స్టేటస్‌తో ఏకీభావం లేదు. కానీ ఏది భరించలేని మాటో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించండి. ఆ రోజు ఎవరు కుర్చీలో ఉంటే వాళ్ల చేతిలో. మన రెండు రాష్ట్రాల్లో ప్రతిపక్షంలో కూర్చున్న పార్టీకి 19వ అధికరణం గుర్తొస్తుంది, అధికారంలోకి రాగానే పోలీస్ స్టేషన్ గుర్తొస్తుంది. పార్టీ ఏదైనా కథ ఇదే. ధర్నాలతో, వంటావార్పులతో సాధించుకున్న తెలంగాణలోనే 2017లో ఇందిరా పార్క్ ధర్నా చౌక్‌ను మూసేశారు. హైకోర్టు జోక్యం చేసుకుంటే గానీ 2018లో అక్కడ మళ్లీ దారి తెరుచుకోలేదు. ఇవాళ ఎదుటివాడి నోరు మూయడానికి చప్పట్లు కొట్టామంటే రేపు మన నోటికి అదే తాళం.

మరి గీత ఎక్కడ?

గీత లేదని నేను అనడం లేదు. 19(2) అధికరణం కొన్ని కారణాలతో ఆంక్షలు పెట్టనిస్తుంది. దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి పురిగొల్పడం. ఆ ఆంక్షలు కూడా సహేతుకంగా ఉండాలి. 'నాకు బాధ కలిగింది', 'మా నాయకుణ్ని వెక్కిరించారు' అన్నవి ఈ జాబితాలో లేవు.

2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను కొట్టేస్తూ మూడు మెట్లు చెప్పింది. ఒక విషయాన్ని చర్చించడం, దాన్ని గట్టిగా సమర్థించడం, దాని కోసం నేరానికి పురిగొల్పడం. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా హక్కు కిందకే వస్తాయి. మూడో మెట్టు దగ్గర చట్టం అడ్డుపడొచ్చు. 2012లో ముంబయి బంద్ మీద ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టిన అమ్మాయిని, దానికి లైక్ కొట్టిన ఇంకో అమ్మాయిని అరెస్టు చేయడంతో మొదలైన వివాదం అది. అవును, లైక్ కొట్టినందుకే!

కొన్నిచోట్ల గీత స్పష్టంగానే ఉంది. జాతీయ జెండాను కాల్చడం, తొక్కడం 1971 నాటి చట్టం ప్రకారం నేరం, మూడేళ్ల దాకా జైలు. నిరసన పేరుతో రోడ్డును నిరవధికంగా ఆక్రమించి కూర్చోవడం కుదరదని షహీన్‌బాగ్ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రజల ఆస్తిని ధ్వంసం చేయడం ఎలాగూ నేరమే. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌కు ట్యాంక్‌బండ్ మీదకు వేలమంది వచ్చి నినదించడం నిరసన. అదే రోజు అక్కడి విగ్రహాలను పగలగొట్టడం నిరసన కాదు. ఉద్యమం పట్ల ఎంత అభిమానం ఉన్నా ఈ రెంటినీ కలపలేం. సికింద్రాబాద్ స్టేషన్‌లోనూ అంతే.

నల్ల జెండా సంగతి వేరు. 2017లో కేరళ ముఖ్యమంత్రి కాన్వాయ్‌కు నల్ల జెండాలు చూపించిన ముగ్గురిపై పెట్టిన కేసును 2024 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. జెండా ఏ రంగుదైనా సరే, దాన్ని ఊపినంత మాత్రాన పరువు నష్టం కాదంది.

అమెరికా వెళ్లేవాళ్లకు ఒక మాట

ఎంఎస్ కోసం బయల్దేరుతున్నవాళ్లు అక్కడ అంతా స్వేచ్ఛేనని అనుకుంటారు. చట్టం చదివితే అలాగే ఉంటుంది. వియత్నాం యుద్ధాన్ని నిరసిస్తూ చేతికి నల్ల పట్టీ కట్టుకుని బడికొచ్చిన విద్యార్థులకు 1969లో అక్కడి సుప్రీంకోర్టు అండగా నిలిచింది. 1989లో టెక్సాస్ వర్సెస్ జాన్సన్ కేసులో, నిరసనగా జాతీయ జెండాను కాల్చినా అది భావప్రకటనే అని 5-4 మెజారిటీతో తేల్చింది. మన దేశంలో మూడేళ్ల శిక్ష పడే పనికి అక్కడ రాజ్యాంగ రక్షణ ఉందన్నమాట.

కానీ వీసా మీద వెళ్లేవాడి పరిస్థితి అక్కడి పౌరుడి పరిస్థితి లాంటిది కాదు. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాకు దరఖాస్తు చేసేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌లో పెట్టాలని అమెరికా అడుగుతోంది. అదే ఏడాది ఆగస్టులో జెండా దహనంపై అధ్యక్షుడు ఇచ్చిన ఉత్తర్వులో విదేశీయుల వీసాలపై చర్యల ప్రస్తావన కూడా ఉంది. హక్కు పుస్తకంలో ఉన్నా, దాన్ని వాడుకునే ధైర్యం మన కాగితాలను బట్టి మారుతుంది. తెలిసి వెళ్లడం మంచిది.

తీర్పుకంటే ముందే శిక్ష

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. పైన చెప్పిన కేసుల్లో తేదీలు గమనించారా? చండీగఢ్ ఉద్యోగులు నిర్దోషులని తేలడానికి పదేళ్లు దాటింది. నల్ల జెండా కేసుకు ఏడేళ్లు. వాట్సాప్ స్టేటస్ కేసు త్వరగా తేలిందనుకున్నా ఏడాదిన్నర. ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఏడేళ్లంటే ఏంటి? కానిస్టేబుల్ నోటిఫికేషన్‌కు వయసు దాటిపోవడం. చేతికొచ్చిన ఆఫర్ లెటర్ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆగిపోవడం. పాస్‌పోర్టు కోసం తిరగడం. చివరికి కోర్టు 'నీ తప్పేమీ లేదు' అంటుంది. పోయిన ఏళ్లను మాత్రం ఎవరూ తిరిగివ్వరు.

66ఎ సంగతే చూడండి. 2015లో కొట్టేసిన సెక్షన్ కింద ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో సుప్రీంకోర్టే విస్తుపోయింది. ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించొద్దని 2022లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. కోడ్‌లోంచి తీసేసిన ఫంక్షన్ సర్వర్లో ఏడేళ్లు నడుస్తూనే ఉన్నట్టు!

అందుకే గెలవాల్సింది కోర్టు చివరి మెట్టు మీద కాదు, ఎఫ్ఐఆర్ దగ్గర. ఈ మధ్య అక్కడ కాస్త వెలుగు కనిపిస్తోంది. ఒక ఎంపీ సోషల్ మీడియాలో పెట్టిన కవితపై గుజరాత్‌లో నమోదైన కేసును 2025 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ఎఫ్ఐఆర్ కంటే ముందు ప్రాథమిక విచారణ జరిపే వీలు కొత్త బీఎన్ఎస్ఎస్ 173(3) సెక్షన్‌లో ఉంది. మాటలకు, రాతలకు సంబంధించిన కేసుల్లో పోలీసులు దాన్ని వాడాలని ఆ తీర్పు చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు ముఖ్యమంత్రిని విమర్శించిన పోస్టులపై కేసులను కొట్టేస్తూ పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఫిర్యాదు చేసినవాడు నిజంగా బాధితుడేనా చూడాలి, ముందు విచారణ చేయాలి, ఘాటైన రాజకీయ విమర్శను నేరంగా చూడకూడదు, యాంత్రికంగా అరెస్టులు చేయకూడదు. మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌లోకి పంపే ముందు టెస్ట్ చేయండి బాబూ అని.

ఈ మార్గదర్శకాలు ప్రతి స్టేషన్ గోడ మీదా ఉండాలి. మీ ఫోన్‌లో కూడా.

ఫారం నింపేటప్పుడు

కేసు ఉంటే దాచాలా, చెప్పాలా? 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీనికి స్పష్టమైన సూత్రాలు ఇచ్చింది. అడిగినదానికి నిజమే రాయాలి. దాస్తే ఉద్యోగం పోవచ్చు. అయితే ఫారంలో ప్రశ్న స్పష్టంగా ఉండాలి, అడగనిదాన్ని దాచావనడం కుదరదు. చిన్న కేసు పెండింగ్‌లో ఉందని నిజాయతీగా చెబితే, దాని ఫలితానికి లోబడి ఉద్యోగం ఇచ్చే విచక్షణ యజమానికి ఉంటుంది. క్షమించదగిన చిన్న తప్పులకు ఉదాహరణగా ఆ తీర్పు చెప్పింది ఏంటో తెలుసా? చిన్న వయసులో నినాదాలు చేయడం! నిరసనకూ నేర స్వభావానికీ తేడా ఉందని దేశంలోని అత్యున్నత న్యాయస్థానమే ఒప్పుకున్నట్టు కదా. ఒక్కటి మర్చిపోకండి. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం లేదు. ఇది హక్కు కాదు, అవతలివాడి విచక్షణ.

ఇంకొన్ని మామూలు జాగ్రత్తలు. ధర్నాకు వెళ్తే అనుమతి ఉందో లేదో కనుక్కోండి. రాయి లేచిన క్షణం అక్కణ్నుంచి కదలండి, వీడియో తీసుకుంటూ నిలబడొద్దు. ఫార్వర్డ్ చేసేది మీరు రాసినదానితో సమానమనుకుని చదివి పంపండి. ప్రైవేటు కంపెనీలో చేరేటప్పుడు ఆఫర్ లెటర్‌తో పాటు సోషల్ మీడియా పాలసీ కూడా చదవండి. సర్కారీ కొలువైతే ప్రవర్తనా నియమావళి ఉంటుంది, ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించడానికి అందులో హద్దులున్నాయి.

ఇవన్నీ చెప్పి 'అందుకే నోరు మూసుకోండి' అని ముగించడం నాకు ఇష్టం లేదు. పేపర్ లీకైతే అడగనివాడు, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాకపోతే అడగనివాడు రేపు ఆఫీసులో జీతం ఆపినా అడగడు. నల్ల బ్యాడ్జీ పెట్టుకున్నవాడిని చూసి భయపడే యజమాని, తప్పును తప్పని చెప్పే ఉద్యోగి నాకొద్దని చెప్పుకుంటున్నట్టే.

ఇంకో సంగతి. వెరిఫికేషన్ ఫారానికి ఎప్పుడూ ఇవతలే ఉండిపోం. ఇది చదువుతున్నవాళ్లలో కొందరు ఎస్ఐలు అవుతారు, కొందరు హెచ్ఆర్‌లో కూర్చుంటారు, కొందరు గ్రూప్-1 రాసి ఆర్డీవోలు అవుతారు. మీకు అస్సలు నచ్చని నినాదం చేసిన ఒక కుర్రాడి ఫైలు ఏదో ఒక రోజు మీ టేబుల్ మీదకు వస్తుంది. అతను నిప్పు పెట్టాడా, ప్లకార్డు పట్టుకున్నాడా అని చూసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.